నాయినమ్మ చీర దగ్గర మొదలుపెట్టండి

ఇంటిల్లిపాదీ కలిసి ఫోటో దిగుదామని అనుకోగానే వాట్సాప్ గ్రూపులో మొదట పడే ప్రశ్న ఒకటే: "ఏ రంగు వేసుకుందాం?" హైదరాబాద్‌లో ఉండే కోడలు ఫోన్లో ఎక్కడో చూసిన లేత గులాబీ రంగు పంపిస్తుంది. బెంగళూరు మనవడు తెలుపూ నీలమూ అంటాడు. రెండు రోజులు చర్చ నడిచి, చివరికి అందరికీ ఒకే రంగు బట్టలు ఆర్డరు పెడతారు. ఇంత మాట్లాడుకున్నా, తిరుమలగిరిలో అరుగు మీద కూర్చున్న నాయినమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. పండుగ పూట ఆమె చేతిలో కొత్త చీర పెట్టి "ఇది కట్టుకోవే" అంటారు. ఆమె కాదనదు, కట్టుకుంటుంది. ఫోటోలో మాత్రం ఆమె భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఒక చెయ్యి కొంగును గట్టిగా పట్టుకునే ఉంటుంది.

ఆ వరుసను తిరగేయమని చెప్పడానికే ఈ అధ్యాయం. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు ఎవరో, వాళ్ళు ఏ బట్టలో హాయిగా ఉంటారో ముందు కనుక్కోండి. మిగతావాళ్ళు ఆ చీర చుట్టూ, ఆ దోతి చుట్టూ తమ బట్టలు ఎంచుకోవాలి. దీనికి తేలికైన కారణం ఒకటుంది. పడుచువాళ్ళ బీరువాలో ఇరవై జతలుంటాయి, ఏ రంగుకైనా సర్దుకుంటారు. పెద్దవాళ్ళకు నలుగురిలోకి కట్టుకునేవి మూడో నాలుగో ఉంటాయి. అవీ వాళ్ళ ఒంటికి, నడకకు, అలవాటుకు కుదిరినవి. ఇంకో కారణం అంత తేలికైనది కాదు. పదేళ్ళ తర్వాత ఆ ఫోటో ముందు నిలబడేవాళ్ళు మొదట చూసేది ఆమెనే. ఆ రోజు ఆమె ఎలా కూర్చుందో, ఎలా నవ్విందో చూడాలనే నిలబడతారు.

రోజు విషయంలో మన దగ్గర పెద్దగా ఆలోచించాల్సింది లేదు. 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండి ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోకి వచ్చిన తిరుమలగిరికి, చుట్టుపక్కల ఊళ్ళకు, కొలువులకని వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చేది దసరాకే. సద్దుల బతుకమ్మ నాటికి ఇల్లు నిండుతుంది. బట్టలు ఇస్త్రీ అయి ఉంటాయి. ఆడవాళ్ళ చేతులకు గోరింటాకు పండి ఉంటుంది. వరి చేలు ఇంకా పచ్చగానో, కంకి మీదనో ఉంటాయి. పెళ్ళి రోజు తీయించుకుందామంటే ఎవరి పనిలో వాళ్ళుంటారు, పెద్దావిడ వంటల దగ్గరుంటుంది. దసరా పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య గంట సేపు కేటాయిస్తే చాలు. ఎండ నడినెత్తికి వచ్చాక మాత్రం వద్దు. కళ్ళ కింద నీడలు పడతాయి, పిల్లలు కళ్ళు చికిలిస్తారు.

చీర నుంచి రంగులు తీయడం

ఆమె ఏ చీర కట్టుకుంటుందో తేలాక దాన్ని మంచం మీద పరిచి పగటి వెలుతురులో చూడండి. ఒంటి రంగు, అంచు రంగు, మధ్యలో సన్నగా నడిచే దారం రంగు అని మూడు దొరుకుతాయి. ఇంటిల్లిపాది బట్టలన్నీ ఆ మూడింటి నుంచే తీయవచ్చు. మెరూన్ ఒళ్ళు, ఆవపిండి రంగు అంచు ఉన్న నారాయణపేట చీర అనుకోండి. పక్కన కూర్చునే కోడలు ఆవపిండి రంగులో ఉండొచ్చు. కొడుకులు గంధం రంగు లాల్చీ వేసుకోవచ్చు. మనవరాలి లంగావోణీలో లేత మెరూన్ ఒక పాలు ఉంటే సరిపోతుంది. ఒకరికి మాత్రం ఈ మూడింటిలో లేని రంగు, ముదురు నీలమో వంకాయ రంగో ఇవ్వండి. అది లేకపోతే ఫోటో చప్పగా ఉంటుంది.

అందరూ ఒకే రంగు వేసుకోవడం నాకు నచ్చదు. ఒకే రంగు బట్టలు ఒకదానికొకటి తగిలిన చోట భుజం ఎవరిదో, చెయ్యి ఎవరిదో తెలియకుండా కలిసిపోతాయి. పదిమంది మనుషులు ఒక్క ముద్దగా కనిపిస్తారు. పైగా ఒక్క పూట కోసం పది జతలు కొనడం ఎందుకు? ఆ డబ్బులో కొంత పెద్దావిడ జాకెట్ సరిచేయించడానికి, కొంత మంచి కాగితం మీద ఫోటో కడిగించడానికి పెట్టండి.

మన ప్రాంతం వాళ్ళకు దొరికే నేతలు దేశంలో చాలామందికి దొరకవు. ఒకవైపు పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక ఉన్నాయి. పాలమూరు వైపు పోతే నారాయణపేట, గద్వాల. వీటిలో ప్రతి నేతా కెమెరా ముందు ఒక్కో తీరుగా ఉంటుంది. పోచంపల్లి చీరకు దారాన్ని ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచి తర్వాత నేస్తారు కాబట్టి పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. ఫోటోలో ఆ మెత్తదనం అందంగా వస్తుంది. కానీ పక్కపక్కనే నలుగురు ఇలా నేసిన ఇక్కత్ కట్టుకుంటే చూసేవాళ్ళ కంటికి ఆగే చోటుండదు. ఒక వరుసలో ఒక్కరికే ఇక్కత్ ఉండనివ్వండి, వాళ్ళకు అటూ ఇటూ నిండు రంగులు పెట్టండి. పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో పెద్ద గడులతో ఉంటుంది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత అది. తాత తలకు చుట్టుకునే అలవాటుంటే దాని ముందు ఏ ఖరీదైన షేర్వానీ ఆనదు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ జరీ అంచు మీద ఫ్లాష్ సూటిగా పడితే తెల్లటి మచ్చలా కాలిపోయి కనిపిస్తుంది. గద్వాల కట్టుకునేవాళ్ళుంటే వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టమని ఫోటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి.

నారాయణపేట సన్న గళ్ళ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. డిజిటల్ కెమెరా లోపల వెలుతురును పట్టే చుక్కలు అడ్డం, నిలువు వరుసల్లో ఉంటాయి. బట్ట మీది సన్న గళ్ళు, సన్న చారలు ఆ వరుసల కొలతకు దగ్గరగా పడితే చీర మీద లేని అలలు, రంగు చారలు ఫోటోలో పుడతాయి. తర్వాత వాటిని తీసేయడం కష్టం. అలాగని చీర మార్చమని నేను అనను. ముందురోజు ఆ చీరను ఎవరి మీదనైనా వేసి నాలుగైదు మీటర్ల దూరం నుంచి ఫోన్‌తో ఒక ఫోటో తీసి, పెద్దది చేసి చూడండి. అలలు కనిపిస్తే ఫోటోగ్రాఫర్‌కు ఆ ఫోటో చూపించండి. రెండడుగులు ముందుకో వెనక్కో జరిగితే చాలాసార్లు పోతాయి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, బట్టలు ఎంచుకునేవాళ్ళకు ఇది చాలా పనికొస్తుంది. గోడకు పెట్టే ఫోటో ఎక్కువగా 12×18 అంగుళాలు కదా. ఐదుగురు పక్కపక్కన నిలబడి రెండు వరుసలుగా పదిమంది ఉంటే, కొంత ఖాళీతో కలిపి ఫోటోలో పట్టే వెడల్పు మూడు మీటర్లు దాటుతుంది. అదంతా 18 అంగుళాల్లోకి దిగాలి. అంటే ప్రతిదీ ఏడో వంతుకు తగ్గుతుంది. ముఖం అంగుళం పైచిలుకు వస్తుంది. చీర మీద అంగుళం ఉన్న పువ్వు మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. దుకాణంలో చేతిలోకి తీసుకుని మురిసిపోయిన చిన్న చిన్న బుటాలు గోడ మీద నలుసుల్లా మిగులుతాయి, లేదా పూర్తిగా మాయమవుతాయి. అందరూ కలిసి దిగే ఫోటోకు నిండు రంగు, వెడల్పు అంచు, పెద్ద నమూనా సరిపోతాయి. సన్నపని చీరను ఒంటరి ఫోటోకు దాచుకోండి.

రంగు కంటే ముదురు, లేత ముఖ్యం

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. 1892లో హైదరాబాద్‌లో పర్దా పాటించే ఆడవాళ్ళ కోసం వేరే స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీసే బాధ్యతను ఒక యూరోపియన్ మహిళకు అప్పగించాడు. ఆ రోజుల గాజు పలకలు నీలపు వెలుగునే బాగా పట్టేవి. ఎరుపూ పసుపూ నల్లగా పడేవి, నీలం తేలిపోయేది. మీ ఇంట్లో ముత్తాతల కాలం ఫోటో ఏదైనా మిగిలి ఉండి, అందులో ఒకావిడ నల్లచీరలో ఉన్నట్టు కనిపిస్తే, ఆమె కట్టుకున్నది ఎర్రచీరో పసుపుచీరో అయి ఉండవచ్చు.

ఇప్పటి కెమెరా రంగులను సరిగ్గానే చూపిస్తుంది. కానీ ఒక ఫోటో నిలబడేది ముదురూ లేతా తేడా మీదనే. చిలకపచ్చ, ఎరుపు మన కంటికి ఎంతో వేరు. రెండూ ఒకే ముదురులో ఉంటే మాత్రం దూరం నుంచి చూసేసరికి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. దీన్ని కనిపెట్టడానికి ఫోన్ చాలు. అందరి బట్టలూ కూర్చునే వరుసలోనే మంచం మీద పరిచి, ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. పక్కపక్కన ఉన్న రెండు బట్టలు ఒకే బూడిద రంగులోకి దిగితే ఆ ఇద్దరి చోటు మార్చండి. బట్టలు మార్చాల్సిన పనిలేదు.

వెనకాల ఏముందో కూడా ఆ మంచం దగ్గరే తలుచుకోవాలి. ఎర్రమట్టి గోడ ముందు ఇటుకరంగు చీర కలిసిపోతుంది. వరి చేను ముందు ఆకుపచ్చ లాల్చీ అంతే. రాతి గుట్టల నేపథ్యానికి మెరూన్, ఆవపిండి, గంధం రంగులు బాగా తేలుతాయి. కొందరు ఫణిగిరి గుట్ట మీదికి వెళ్దామంటారు. మంచి ఆలోచనే. అక్కడ దొరికిన బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్ళాయి, పిల్లలకు ఆ సంగతి అక్కడే చెప్పవచ్చు. కానీ అది రక్షిత స్థలం. ఫోటోలకు అనుమతి ముందే కనుక్కోండి, మెట్లెక్కలేని పెద్దవాళ్ళుంటే ఆ ఆలోచనే మానుకోండి. వేపచెట్టు నీడ బాగుంటుంది గానీ ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు ముఖాల మీద పడకుండా చూడాలి.

తెల్లబట్ట గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన మగవాళ్ళందరికీ తెల్ల చొక్కా, తెల్ల దోతి అంటే మక్కువ. ఫోటో నిండా తెలుపు ఉంటే కెమెరా తనంతట తాను వెలుతురు తగ్గించేస్తుంది. చామనఛాయ ముఖాలు ఇంకా నల్లబడతాయి. అప్పుడు కంప్యూటర్ దగ్గర ఆ ముఖాలను తెల్లగా చేసి ఇస్తారు. పొలంలో ఎండకు మాగిన తాత ముఖం పౌడరు రాసినట్టు అవుతుంది, మనవరాలి చామనఛాయ మాయమవుతుంది. దయచేసి దీనికి ఒప్పుకోకండి. తెలుపుకు బదులు గంధం రంగు, గోధుమ రంగు, పాలమీగడ రంగు వాడండి. తాత దోతి తెల్లదే అయితే పైన రంగు కండువా వేయండి. కురుమల ఇళ్ళల్లో అయితే భుజం మీది నల్ల గొంగడి ఆ తెలుపును అందంగా ఆపుతుంది. "మా ముఖాల రంగు మార్చవద్దు" అని ఫోటోగ్రాఫర్‌కు బయానా ఇచ్చేటప్పుడే చెప్పండి. నలుపు ఛాయ ఉన్న పిల్లకు లేతరంగులే వేయాలని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపండి. నెమలికంఠం, వంకాయ రంగు, మామిడిపండు రంగు ఆ ఛాయ మీద వెలిగినట్టు ఇంకే ఛాయ మీదా వెలగవు.

చుట్టుపక్కల తండాల్లో పెద్దావిడలు ఇప్పటికీ ఫేటియా, కాంచళి వేసుకునేవాళ్ళున్నారు. ఫోటో రోజున "చీర కట్టుకో" అని ఆమెకు చెప్పేది ఎక్కువగా పట్నంలో చదివిన మనవలే. ఆ మాట అనకండి. అద్దాలు, కుట్టుపని, గవ్వలు నిండిన ఆ బట్ట చేత్తో కుట్టింది, ఏ దుకాణంలోనూ దొరకదు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళు నమూనాలు లేని నిండు రంగులు వేసుకుంటే చూపు ఆమె దగ్గరే ఆగుతుంది. అద్దాల మీద ఫ్లాష్ కొట్టకూడదు. నీడపట్టున, ఆకాశపు వెలుతురులో తీయాలి. అప్పుడు ఒక్కో అద్దం ఒక్కో చుక్కలా మెరుస్తుంది.

భర్త పోయిన పెద్దావిడ ఉంటే

ఈ సంగతిని చాలా ఇళ్ళల్లో మాట్లాడకుండా దాటేస్తారు. ఫోటో అనగానే ఆమె "నాకెందుకు బిడ్డా, మీరు దిగుండ్రి" అని లోపలికి పోతుంది. ఇంకాస్త బతిమాలితే వచ్చి చివర నిలబడుతుంది. రంగు చీరలు అందరికీ ఒకే తీరువి తెచ్చినప్పుడు ఆమెకు తేవాలా వద్దా అని తెలియక చివరికి మర్చిపోతారు. ఆ మరుపు ఆమెకు తగులుతుంది, పైకి అనదు.

అందుకే పదిహేను రోజుల ముందే, నలుగురి ముందు కాకుండా, కూతురో మనవరాలో ఒంటరిగా కూర్చుని అడగాలి: "అమ్మా, నీకేది కట్టుకోబుద్ధయితది?" లేతరంగే కావాలంటే అదే ఇంటి రంగు. మిగతావాళ్ళు ఆ లేతరంగుకు తగ్గట్టు ముదురు తగ్గించుకోవాలి. అంచున్న చీర కట్టుకోవాలని మనసులో ఉండి, వాడకట్టులో ఎవరేమంటారోనని వెనకాడితే, పెద్దకొడుకు ముందుకొచ్చి "కట్టుకో అమ్మా" అనాలి. ఆ ఒక్క మాట కొడుకు నోటి నుంచి రావాల్సిందే, కోడలు అంటే సరిపోదు. బొట్టు పెట్టమని బలవంతం చేయకండి, వద్దనీ అనకండి. కూర్చునే చోటు మాత్రం నడిమిదే. అది ఆమెను అడగాల్సిన పని కాదు, ఇంటివాళ్ళు చేసి చూపాల్సిన పని.

ఒంటికి కుదరడం

నిలబడి అద్దంలో చూసుకుంటే సరిపోదు, కూర్చుని చూసుకోవాలి. ముందు వరుసలో ఉండేవాళ్ళంతా కుర్చీల్లోనే కదా. కూర్చోగానే మగవాళ్ళ చొక్కా గుండీల మధ్య సందు తెరుచుకుంటుంది, పలచటి లినెన్ చొక్కా లోంచి బనియన్ గీత కనిపిస్తుంది. జేబులో ఫోను, పెన్ను, బీడీ కట్ట తీసి పక్కన పెట్టించండి. పెద్దావిడ పాత జాకెట్ చేతుల దగ్గర బిగుతైతే టైలర్ దగ్గర లోపలి కుట్టు విప్పించండి. చాలా జాకెట్లకు లోపల అంత బట్ట వదిలే కుడతారు. కొత్త చీరే కట్టుకుంటానని ఆమె అంటే, ఒకసారి నీళ్ళలో ముంచి ఆరేసి, ఒక రోజు ఇంట్లో కట్టుకోనివ్వండి. గంజి పెట్టిన నూలు చీర కుచ్చిళ్ళు ఫోటోలో చక్కగా నిలుస్తాయి. జారిపోయే సింథటిక్ చీర మాత్రం ఆమెను ఫోటో అయ్యేదాకా కొంగు సర్దుకునేలా చేస్తుంది. పుస్తెలతాడు, కంటె, మట్టెలు రోజూ ఉండేవి అలాగే ఉంచండి. అరువు తెచ్చిన నగ ఒంటి మీద ఉంటే మనసంతా దాని మీదనే ఉంటుంది.

చెప్పుల సంగతి అందరిదీ ఒకటే తీరు కావాలి: అందరూ వేసుకోవాలి, లేదా అందరూ విప్పాలి. ఇంటి ముందు తీసే ఫోటోకు విప్పడమే బాగుంటుంది. కళ్ళద్దాలు రోజూ పెట్టుకునేవాళ్ళు పెట్టుకునే ఉండాలి, తీసేస్తే ఆ ముఖం వాళ్ళది కాదు. అద్దం మీద వెలుగు పడుతుంటే గడ్డం కొంచెం దించమనండి.

గోడల మీద దండలు వేసి ఉన్న పెద్దవాళ్ళ ఫోటోలు ఎక్కడ నుంచి వచ్చాయో ఎప్పుడైనా గమనించారా? చాలా ఇళ్ళల్లో అవి ఆధార్ కార్డు నుంచో, ఓటరు కార్డు నుంచో, ఎవరి పెళ్ళి ఆల్బమ్‌లోనో మూలన నిలబడ్డ బొమ్మ నుంచో కోసి పెద్దవి చేసినవి. మసకగా ఉంటాయి. బతికుండగా వాళ్ళు నవ్విన నవ్వు వాటిలో లేదు. ఫోటోగ్రాఫర్ మీ ఇంటికి వచ్చిన రోజున, అందరి ఫోటో అయ్యాక అవే బట్టల్లో తాతకు, నాయినమ్మకు విడివిడిగా, ఇద్దరికీ కలిపి తీయించండి. ఎందుకో వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు, వాళ్ళకు తెలుసు. దీని కోసం బట్టలో చూసుకోవాల్సింది మెడ నుంచి భుజాల దాకానే. కండువా ముడతలు సరిచేయండి, కొంగు భుజం మీద చదునుగా పరవండి. ముఖం పక్కన మెరిసే జరీ లేకుండా, చర్మం కంటే బాగా ముదురో బాగా లేతో అయిన రంగు ఉండేలా చూడండి. ఆ ఫోటో పెద్ద ఫైలును ఒక్కరి ఫోన్లో వదిలేయకుండా ముగ్గురు నలుగురి దగ్గర దాచండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపుకోండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.

పిల్లల బట్టలు చివరన చూసుకున్నా చాలు. వాళ్ళకు ఏదైనా నప్పుతుంది. మెడ దగ్గర గుచ్చుకునే జరీ, తళుకుల గౌను మాత్రం వద్దు, ఐదు నిమిషాలకే ఏడుపు మొదలవుతుంది. లైట్లు వెలిగే బూట్లు, ఛాతీ మీద పెద్ద బొమ్మలున్న టీషర్టులు ఆ గంట సేపు పక్కన పెట్టించండి. ఒక్కొక్కరికీ మారు చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి దగ్గర ఉంచుకోండి. ఫోటో అయ్యేదాకా వాళ్ళకు పాలూ ఇడ్లీ తప్ప ఏమీ పెట్టకండి. దసరా మటన్ కూర పొయ్యి మీద ఎంత ఘుమఘుమలాడినా గిన్నె మూత తీసేది ఫోటోగ్రాఫర్ కెమెరా సంచిలో పెట్టాకే. అతనికీ ఒక విస్తరి వేయండి.